పులసకు గోదావరి.. సాల్మన్‌కు టైన్
బ్రిటన్‌లోని అతి పెద్ద రిజర్వాయర్ చుట్టూ నలభై ఏళ్లలో ప్రకృతి ఎలా మారింది? మన నదులకు అందులో ఏముంది?

ఇంగ్లండ్ ఈశాన్య కొసన, స్కాట్లండ్ సరిహద్దును ఆనుకుని కీల్డర్ వాటర్ అనే సరస్సు ఉంది. చుట్టూ కొండలు, కనుచూపు మేర స్ప్రూస్ చెట్లు. చూసినవాళ్లు ప్రకృతి సహజంగా ఏర్పడిన సరస్సు అనుకుంటారు. నిజానికి ఇది 1975లో మొదలుపెట్టి 1981లో పూర్తి చేసిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు. 1982 మే 26న రెండో ఎలిజబెత్ రాణి దీన్ని ప్రారంభించారు. నిల్వ సామర్థ్యంలో బ్రిటన్‌లోని కృత్రిమ సరస్సులన్నిటిలోకీ ఇదే పెద్దది. 20 వేల కోట్ల లీటర్లు పడుతుంది.

మన లెక్కలోకి మార్చితే ఆ నీరు సుమారు 7 టీఎంసీలు. శ్రీశైలంలో 215, నాగార్జునసాగర్‌లో 312 టీఎంసీలని రోజూ పేపర్లో చదివి పెరిగినవాళ్లకు 'ఇంతేనా' అనిపించడం సహజం. అయితే ఆనకట్ట చిన్నదైనా పెద్దదైనా నదికి చేసే పని ఒకటే. నీటిని ఆపుతుంది, మట్టిని ఆపుతుంది, చేపను ఆపుతుంది. కీల్డర్‌కు ఉన్న ప్రత్యేకత మరొకటి. అడ్డం పెట్టినందుకు నదికి ఎంతో కొంత బాకీ తీర్చాలన్న ఆలోచన కట్టేటప్పుడే కొంత ఉంది. ఆ బాకీ ఎంతవరకు తీరిందో చూడడానికి ఇప్పుడు నాలుగు దశాబ్దాల అనుభవం కూడా ఉంది. గోదావరి మీద పోలవరం పూర్తికావస్తున్న రోజుల్లో, ఇంగ్లండ్‌లో మళ్లీ కొత్త రిజర్వాయర్లు కడతామంటున్న రోజుల్లో ఆ అనుభవం ఇక్కడి తెలుగు కుటుంబాలకు రెండు విధాలా పనికొచ్చేదే.

ఉక్కు కోసం కట్టిన చెరువు

1960ల చివర్లో టీసైడ్ అంటే ఉక్కు, రసాయనాల పరిశ్రమలకు పెట్టింది పేరు. ఆ ఫ్యాక్టరీలు ఇంకా పెరుగుతాయని, వాటికి నీళ్లు చాలవని అప్పటి అంచనా. అందుకే ఉత్తర టైన్ నది ఎగువన, జనం చాలా తక్కువగా ఉన్న లోయను ఎంచుకున్నారు. బహిరంగ విచారణలు జరిగాయి, స్థానికులు వ్యతిరేకించారు. చివరికి 1974లో అనుమతి వచ్చింది. 52 మీటర్ల ఎత్తు, 1,140 మీటర్ల పొడవున మట్టికట్ట లేచింది. కొన్ని పొలాలు, ఇళ్లు, ఒక బడి, అప్పటికే మూతపడిన రైలుమార్గం నీటి అడుగుకు వెళ్లిపోయాయి.

కట్ట పూర్తయ్యేసరికి అంచనా తలకిందులైంది. పరిశ్రమలు పెరగకపోగా తగ్గుతూ వచ్చాయి. రెడ్‌కార్ ఉక్కు కర్మాగారం 2015లో పూర్తిగా మూతపడింది. ఎవరి కోసమైతే లోయను ముంచారో వాళ్లే లేకుండా పోయారు. తెల్ల ఏనుగు అని చాలా ఏళ్లపాటు పత్రికలు ఎద్దేవా చేశాయి.

అయితే కాలం మరో మలుపు తిరిగింది. వానలు లెక్క తప్పే రోజులు వచ్చాయి. 2022, 2025 వేసవుల్లో యార్క్‌షైర్‌లో తోటలకు పైపుతో నీళ్లు పెట్టొద్దని నిషేధం విధించారు. పక్కనే ఉన్న ఈశాన్య ఇంగ్లండ్‌కు ఆ పరిస్థితి రాలేదు. పరిశ్రమల కోసం కట్టింది కరువుకు బీమాగా మిగిలింది. మిడిల్స్‌బ్రో, సండర్‌ల్యాండ్, న్యూకాజిల్‌లలో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు కుళాయి తిప్పినప్పుడు నీళ్లకు లోటు లేకపోవడం వెనక ఈ చెరువు ఉంది.

కాలువ లేదు, నదే కాలువ

కీల్డర్ నుంచి ఊళ్లకు నేరుగా పైపు లేదు. నదిలో నీరు తగ్గినప్పుడు కట్ట నుంచి వదులుతారు. అది ఉత్తర టైన్‌లోకి పారి, హెక్సమ్ దగ్గర దక్షిణ టైన్‌తో కలిసి, దిగువకు వస్తుంది. రైడింగ్ మిల్ దగ్గర పంపుహౌస్ ఉంది. అవసరమైతే అక్కడి నుంచి నీటిని ఎత్తి, సొరంగం ద్వారా వేర్ నదికి, టీస్ నదికి మళ్లిస్తారు. ఒక నదిలో వాన పడితే మూడు నదుల ప్రాంతాలు బతికేలా చేసిన ఏర్పాటిది. మనవైపు పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు కృష్ణకు తెచ్చినట్టే. కాకపోతే ఇక్కడ ఎక్కువ దూరం నదే కాలువ పని చేస్తుంది.

ఇందులో ఒక మంచి ఉంది, ఒక చెడు ఉంది. వేసవిలోనూ నది ఎండిపోదు, అది మంచి. నది తన రుతువులను మరిచిపోతుంది, అది చెడు. వానాకాలంలో పొంగడం, ఎండాకాలంలో సన్నబడడం నదికి ఊపిరి పీల్చి వదలడం లాంటిది. కట్ట కింద పారే నదికి వరద తగ్గిపోతుంది. విద్యుత్ కోసం వదిలితే నీటిమట్టం ఒక్కసారిగా పెరిగి మళ్లీ పడిపోతుంది. కీల్డర్ కట్ట దగ్గర సుమారు 6 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని అవసరానికి, నది అవసరానికి మధ్య సర్దుబాటు చేయడం మొదటి నుంచీ ఉన్న పనే.

గులకరాళ్లు ఎక్కడికి పోయాయి?

వరదలు తగ్గడం వల్ల కంటికి కనిపించని మార్పు నది అడుగున జరుగుతుంది. కొండల మీది నుంచి వచ్చే గులకరాళ్లు, ఇసుక రిజర్వాయర్లో దిగిపోతాయి. కట్ట కిందకు కొత్త రాళ్లు రావు. ఉన్న చిన్న రాళ్లు క్రమంగా కొట్టుకుపోయి, అడుగున పెద్ద బండరాళ్ల పొర గట్టిపడుతుంది. ఇంకో పక్క చిన్న వాగులు వచ్చి కలిసే చోట వాటి మట్టి పేరుకుపోతుంది. దాన్ని ఊడ్చుకుపోయే వరద ప్రధాన నదిలో లేకపోవడమే కారణం. ఉత్తర టైన్ మీద పరిశోధన చేసినవాళ్లు ఈ రెండు మార్పులనూ చూశారు.

రాళ్లు పోతే ఏమవుతుంది? సాల్మన్ చేప గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్ల మధ్యనే. ఆడచేప తోకతో రాళ్లను కదిపి గుంత చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. చలికాలమంతా ఆ రాళ్ల సందుల్లోంచి గాలి నిండిన నీరు పారితేనే గుడ్లు బతుకుతాయి. సన్న మట్టి సందులను మూసేస్తే లోపలే ఊపిరాడక పోతాయి.

నీటి వేడి కూడా మారుతుంది. లోతైన రిజర్వాయర్లో వేసవిలో పైనీరు వెచ్చగా, అడుగునీరు చల్లగా రెండు పొరలవుతుంది. అడుగు నుంచి వదిలితే దిగువ నది వేసవిలో ఉండాల్సినదానికంటే చల్లగా, చలికాలంలో కాస్త వెచ్చగా ఉంటుంది. నీటి పురుగులు ఎప్పుడు రెక్కలు విప్పాలో, చేపపిల్ల ఎప్పుడు ఎదగాలో చెప్పేది ఆ వేడే. అందుకే కీల్డర్‌లో వేర్వేరు లోతుల నుంచి నీళ్లు తీయగలిగే బురుజు కట్టారు. నీటి గుణం చూసుకుని ఏ మట్టం నుంచి వదలాలో నిర్ణయించుకోవచ్చు. అన్ని ఆనకట్టలకూ ఈ సౌకర్యం ఉండదు.

పుట్టిన వాగుకు దారి లేదు

సాల్మన్ సంగతి మనకు అర్థం కావడానికి పులస ఒక్కటి చాలు. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, విలస అని పిలిచే చేప వరద గోదారిలోకి ఎదురీది వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు. సాల్మన్ కూడా అంతే. నది ఎగువన చిన్న వాగుల్లో పుట్టి, ఏడాది నుంచి మూడేళ్లు అక్కడే పెరిగి, సముద్రంలోకి వెళ్లి గ్రీన్‌ల్యాండ్ వైపు దాకా తిరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికే వస్తుంది.

52 మీటర్ల కట్టను ఏ చేపా ఎక్కలేదు. కీల్డర్ వాగు, దాని చుట్టుపక్కల ఎగువ పాయలు టైన్ సాల్మన్‌కు మంచి గుడ్లు పెట్టే చోట్లు. కట్టతో అవి శాశ్వతంగా తెగిపోయాయి. ఆ నష్టానికి పరిహారంగానే కట్ట కడుతున్న రోజుల్లోనే కీల్డర్‌లో చేపపిల్లల కేంద్రాన్ని నెలకొల్పారు. ఇప్పుడు దాన్ని ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ నడుపుతోంది. శరదృతువులో నదికి వచ్చిన పెద్ద చేపలను పట్టి, గుడ్లు తీసి, పొదిగించి, పిల్లలను లక్షల్లో పెంచి వాగుల్లో వదులుతారు.

ఇదే కేంద్రంలో మరో జీవిని కూడా కాపాడుతున్నారు. అది మంచినీటి ముత్యపు చిప్ప. నూరేళ్లకు పైగా బతకగల ఈ చిప్ప ఉత్తర టైన్‌లో, దాని ఉపనది రీడ్‌లో ఇంకా మిగిలింది. దీని పిల్లలు మొదటి కొన్ని నెలలు సాల్మన్, ట్రౌట్ చేపపిల్లల మొప్పలను పట్టుకుని బతుకుతాయి. ఆ చేప లేకపోతే చిప్ప లేదు. చిప్పేమో రోజంతా నీటిని వడకట్టి నదిని శుభ్రం చేస్తుంది. ఒక చేప దారి మూస్తే ఎన్ని గొలుసులు తెగుతాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పిల్లలను వదిలితే సరిపోతుందా?

ఇక్కడే అసలు చర్చ ఉంది. టైన్ నేడు ఇంగ్లండ్‌లో సాల్మన్‌కు పేరున్న నది. ఒకప్పుడు అలా లేదు. 20వ శతాబ్దం మధ్యలో న్యూకాజిల్, గేట్స్‌హెడ్ మురుగంతా శుద్ధి లేకుండా నేరుగా నదిలో కలిసేది. ఫ్యాక్టరీల వ్యర్థాలు దానికి తోడు. సముద్రం నుంచి వచ్చే చేప ఆ మురికి దాటి పైకి రాలేకపోయింది. 1950ల చివరికి టైన్‌లో సాల్మన్ దాదాపు కనుమరుగైంది. తర్వాతి దశాబ్దాల్లో మురుగును పక్కకు మళ్లించి శుద్ధి చేసే పెద్ద పథకం వచ్చింది. నీళ్లు బాగుపడ్డాయి, చేప తిరిగొచ్చింది.

ఆ ఘనత ఎవరిది? పెంపకం కేంద్రానిదే అని చాలామంది నమ్ముతారు. లెక్కలు విశ్లేషించిన శాస్త్రవేత్తలు మాత్రం ఎక్కువ భాగం నదీముఖం శుభ్రపడడానిదే అంటారు. తొలి ఏళ్లలో కేంద్రం చేయూతనిచ్చింది, చేప మాత్రం నది బాగుపడ్డాకే నిలదొక్కుకుందన్నది వారి మాట. పైగా తొట్టెలో పెరిగిన పిల్లలు నదిలో పుట్టినవాటంత గట్టిగా ఉండవన్న సందేహమూ ఉంది.

టైన్ అనుభవంలోని ముఖ్యమైన పాఠం ఇదే. కట్ట వల్ల పోయినదాన్ని చేపపిల్లల తొట్టె కొంతే భర్తీ చేస్తుంది. మిగిలింది నదే చేసుకోవాలి. అందుకు నదిని శుభ్రంగా ఉంచడం మన పని. ఇప్పుడు ఆ పని మరింత అవసరం. 2023 డిసెంబరులో ప్రకటించిన అంతర్జాతీయ ఎర్రజాబితాలో బ్రిటన్ సాల్మన్‌ను అంతరించే ముప్పున్న జీవుల్లో చేర్చారు. సముద్రం వేడెక్కడం, నదుల్లో మురుగు, అడ్డుకట్టలు అన్నీ కలిసి దాని వెంట పడ్డాయి.

వచ్చి చేరినవీ ఉన్నాయి

కీల్డర్ కథలో పోయినవే కాదు, కొత్తగా వచ్చినవీ ఉన్నాయి. సరస్సు పై కొసన బేకితిన్ అనే చిన్న అడ్డుకట్ట ఉంది. ప్రధాన సరస్సులో నీరు తగ్గినా ఆ మూల మట్టం నిలకడగా ఉంటుంది. లేకపోతే వేసవిలో అక్కడంతా బురద తేలేది. ఇప్పుడది పక్షులకు, నీటి జంతువులకు ఆశ్రయం.

2009లో ఆస్ప్రే గద్దలు ఇక్కడ గూడు కట్టి పిల్లలను చేశాయి. నార్తంబర్‌ల్యాండ్‌లో అలా జరగడం 200 ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. మనవైపు కొరమీను గద్ద అంటారు దీన్ని. చెట్ల చివర బల్లల్లాంటి వేదికలు కట్టి వాటిని రప్పించారు. కీల్డర్ అడవి ఇంగ్లండ్‌లో ఎర్ర ఉడుతలకు మిగిలిన అతి పెద్ద ఆశ్రయం కూడా.

ఆ అడవీ మనిషి నాటిందే. 1926లో మొదలైంది. ఎక్కువ భాగం సిట్కా స్ప్రూస్ అనే ఒకే జాతి. ఒకే జాతి చెట్లు వరసగా ఉంటే ఏమవుతుందో 2021 నవంబరులో ఆర్వెన్ తుపాను చూపించింది. పెద్ద ఎత్తున చెట్లు కూలిపోయాయి. బొగ్గుపులుసును తనలో దాచుకునే పీట్ నేలల మీద కూడా ఒకప్పుడు ఈ చెట్లు నాటారు. ఇప్పుడు కొన్నిచోట్ల వాటిని కొట్టేసి, కాలువలు పూడ్చి, ఆ నేలలను మళ్లీ తడిగా మారుస్తున్నారు. తడి పీట్ నేల వాననీటిని పట్టి ఉంచుతుంది. రిజర్వాయర్‌కు ఎగువన అంతకంటే మంచి కాపలా ఉండదు.

గోదావరి ఏమంటోంది?

ఇక మనవైపు చూద్దాం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ రుణం ఉభయ గోదావరి జిల్లాలు ఎన్నటికీ మరవవు. కానీ చేపకు అదే మొదటి గోడ. వరద రోజుల్లో గేట్లు ఎత్తినప్పుడు తప్ప పులస ధవళేశ్వరం దాటి పైకి వెళ్లడం కష్టం. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఇదే చేప ఎగువ రాష్ట్రాల్లో దాదాపు కనుమరుగైంది. పులస ధర ఏటా వేలల్లో పలుకుతోందంటే రుచి ఒక్కటే కారణం కాదు. దొరకడమే అరుదైపోయింది.

పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కిదిగే మెట్లు కడుతున్నారు. కీల్డర్‌లో లేని సౌకర్యం అది, మెచ్చుకోవాల్సిందే. అయితే చేప ముందు దిగువన ఉన్న ధవళేశ్వరం దాటాలి. నదిని ఒక్కో ప్రాజెక్టుగా కాకుండా సముద్రం నుంచి కొండ దాకా ఒక్కటిగా చూస్తేనే ఆ మెట్లకు అర్థం ఉంటుంది. పోలవరం నీటిలో పాపికొండల అడవి అంచులున్నాయి. లక్షకు పైగా కుటుంబాలున్నాయి, వారిలో చాలామంది కొండరెడ్లు, కోయలు. అడవి, నది, మనిషి అక్కడ విడివిడిగా లేరు.

పూడిక సంగతి మరొకటి. శ్రీశైలం కట్టినప్పుడు సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు లెక్కల్లో చూపేది 215. సాగర్‌లో 408 నుంచి 312కు పడింది. రెండూ కలిపితే పోయిన చోటు దాదాపు 190 టీఎంసీలు, అంటే 27 కీల్డర్ సరస్సులు. ఆ మట్టి ఒకప్పుడు కృష్ణా డెల్టాకు చేరి పొలాలకు సారం, తీరానికి బలం ఇచ్చేది. ఇప్పుడది కట్టల వెనకే ఆగిపోతోంది, కింద తీరం కొన్నిచోట్ల కోసుకుపోతోంది. కీల్డర్‌లో గులకరాళ్లకు జరిగిందే ఇక్కడ ఒండ్రుమట్టికి జరిగింది, ఎన్నో రెట్లు పెద్దగా.

మన పేరటికి వచ్చే ప్రశ్న

ఇంగ్లండ్‌లో 1992లో డార్బీషైర్‌లోని కార్సింగ్టన్ తర్వాత పెద్ద రిజర్వాయర్ ఏదీ పూర్తికాలేదు. ఇప్పుడు హాంప్‌షైర్‌లో హావెంట్ థికెట్ కడుతున్నారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఆబింగ్డన్ దగ్గర, కేంబ్రిడ్జ్‌షైర్ ఫెన్స్‌లో, లింకన్‌షైర్‌లో కొత్తవి ప్రతిపాదనలో ఉన్నాయి. ఆబింగ్డన్‌ది 15 వేల కోట్ల లీటర్లు, కీల్డర్‌లో ముప్పాతిక వంతు. ఆక్స్‌ఫర్డ్, రెడింగ్, స్విండన్, కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల స్థిరపడిన మన కుటుంబాలు తక్కువేమీ కావు. నీళ్లు తాగేదీ, బిల్లు కట్టేదీ వాళ్లే. ప్రజాభిప్రాయ సేకరణ కాగితం ఇంటి తలుపు సందులోంచి పడితే చెత్తబుట్టలో వేయకుండా చదవాలి.

ఆబింగ్డన్ లాంటివి నదికి అడ్డంగా కట్టేవి కావు. చలికాలంలో నది నుంచి నీళ్లు తోడి, చుట్టూ గట్టు వేసిన చెరువులో నింపుతారు. చేపకు గోడ అడ్డం రాదు. అయినా అడగాల్సినవి ఉన్నాయి. నదిలో ఎంత నీరు మిగిల్చాకే తోడతారు? తిరిగి వదిలే నీటి వేడి, గుణం ఎవరు చూస్తారు? పోయే పొలాలు, పొదలు, తడినేలల బదులు ఎక్కడ, ఎప్పటికి తయారవుతాయి? పైపుల లీకేజీ తగ్గించాక కూడా ఇంత నీరు కావాలా? కీల్డర్ అంచనా ఎలా తప్పిందో తెలిసినవాళ్లకు ఆ చివరి ప్రశ్న మరీ ముఖ్యం.

రిజర్వాయర్ వద్దనడానికి ఈ ప్రశ్నలు కావు. కరువు సీమల నుంచి వచ్చిన మనకు నీటి విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. శ్రీశైలం, సాగర్ లేని తెలుగు నేలను ఊహించలేం. అడిగేదల్లా, నది నుంచి తీసుకున్నప్పుడు తిరిగి ఏమిస్తామో ముందే రాసుకోవాలని, ఇచ్చారో లేదో ఏళ్ల తరబడి లెక్క చూడాలని. కీల్డర్‌లో చేప కేంద్రం, బేకితిన్ కట్ట, పలు మట్టాల బురుజు కట్టకముందో కడుతుండగానో అనుకున్నవి. అందుకే ఈ రోజు అక్కడ చూపించడానికి ఏదో ఉంది. మరిచిపోయిన వాటిని తర్వాత సరిదిద్దడం ఎంత కష్టమో దిగువ నదిలో రాళ్లే చెబుతాయి.

న్యూకాజిల్ నుంచి కారులో గంటన్నర దూరంలో ఉంది కీల్డర్. చేప కేంద్రంలో సాల్మన్ బతుకు ఎలా సాగుతుందో పిల్లలకు చూపించే ఏర్పాట్లున్నాయి. రాత్రి ఆగితే ఆకాశం నిండా చుక్కలు కనిపిస్తాయి, ఇంగ్లండ్‌లో అంత చీకటి ఆకాశం ఉన్న చోట్లు కొద్దే. శరదృతువులో సాల్మన్ టైన్‌లోకి ఎదురీదే రోజులు, శ్రావణ భాద్రపదాల్లో గోదారి పులస రోజుల తర్వాత కొద్దివారాలకే వస్తాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ రెండు చేపల కథ ఒకేసారి చెప్పొచ్చు. ఒకటి విన్నవాళ్లకు రెండోది తేలిగ్గా అర్థమవుతుంది.